బొమ్మ చెరిపినా, నాటకం ఆపినా ముందు రాయాల్సిన కాగితాలు

"అత్తా, గోడ పోయింది" అంటూ వచ్చింది ఆ అమ్మాయి.

మధ్యాహ్నం మూడు దాటింది. షాపులో జిరాక్స్ మిషన్ వేడెక్కి ఉంది. ఇద్దరు ప్లీడరు గుమస్తాలు కాపీల కోసం నిలబడి ఉన్నారు. విశాఖపట్నంలో కోర్టు దగ్గర ముప్పై ఏళ్లుగా జాబ్ టైపింగ్ చేస్తున్నాను. పిటిషన్లు, అఫిడవిట్లు, అద్దె అగ్రిమెంట్లు, అన్నీ టైపు చేస్తాను. మా నాన్న హార్మోనిస్టు. అనకాపల్లి, చోడవరం చుట్టుపక్కల పద్యనాటకాలకి రాత్రంతా వాయించి, తెల్లవారాక మొదటి బస్సుకి ఇంటికొచ్చేవారు. అందుకే కళాకారుల కాగితాలకి నేను డబ్బులు తీసుకోను.

ఆ అమ్మాయి బొమ్మలు వేస్తుంది. చేపలకి ఐసు అమ్మే ఒక షెడ్డు గోడ మీద, ఇరవై అడుగుల పొడవున, నెత్తిన గంప పెట్టుకున్న ఆడమనిషిని వేసింది. ఒళ్లంతా రోజూ మనం చూసే చేపలమ్మే మనిషే. కళ్లు మాత్రం అమ్మోరి కళ్లు, పెద్దవి, రెప్ప వాలనివి. పెదజాలరిపేటలో చేపలమ్మే ముగ్గురు ఆడవాళ్లు గంట గంట చొప్పున కూర్చుని మరీ వేయించుకున్నారు. బొమ్మ పూర్తయిన పదకొండో రోజు పొద్దున్నే నలుగురు పెద్దమనుషులు వచ్చారు. వాళ్లతో "ఆఫీసు నుంచి వచ్చాం" అన్నవాళ్లు ఇద్దరు. అమ్మవారిని చేపలమ్ముకునే మనిషిలా చూపిస్తారా అని అడిగి, షెడ్డు యజమాని చూస్తుండగానే సున్నం కొట్టించేశారు.

"ముందు కూకో. ఏ ఆఫీసు?"

"చెప్పలేదత్తా."

"కాగితం ఏమైనా ఇచ్చారా?"

"లేదు."

"నువ్వడిగావా?"

తల అడ్డంగా ఊపింది.

ఈ రాతంతా ఆ చివరి ప్రశ్న గురించే. మన దగ్గర బొమ్మైనా, నాటకమైనా, పాటైనా ఆర్డరు మీద ఆగడం తక్కువ. ఒక ఫోన్ కాల్‌తో, "పైనుంచి చెప్పారు" అన్న మాటతో ఆగిపోతుంది. 2017లో మా నాటక సమాజం ప్రదర్శన కూడా అలాగే ఆగింది. ఆ రోజు పొద్దున్న హాలు వాళ్లు ఫోన్ చేసి సాయంత్రం షో వద్దన్నారు. రోజంతా కాగితాలు టైపు చేసే నేనే ఆ మాట రాసిమ్మని అడగలేదు. అడగనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. అంతర్జాతీయ చట్టం కళకి గట్టి రక్షణే ఇస్తుంది. కానీ ఆ రక్షణ మొదలయ్యేదే "ఏ చట్టం ప్రకారం?" అన్న ప్రశ్న దగ్గర. నోటిమాటని ఆ ప్రశ్న ఏమీ చేయలేదు. కాబట్టి వాళ్ల నోటిమాటని ఎలాగైనా కాగితం మీదకి ఎక్కించడమే మన మొదటి పని.

మొదటి రోజు

ఫోటోలు తియ్యండి. సున్నం తడిగా ఉండగానే తియ్యండి. దూరం నుంచి ఒకటి, పక్క షాపు బోర్డు కనబడేలా ఇంకొకటి, దగ్గర నుంచి నాలుగు. ఆ అమ్మాయి తీసిన వాటిలో ఒకదాంట్లో సున్నం పల్చగా పడిన చోట ఎడమ కన్ను ఇంకా కనిపిస్తోంది. మిగతా ఫోటోలన్నీ కలిపినా అంత పనికిరాలేదు. ఈ గోడ, ఆ బొమ్మ ఒకటేనని చెప్పడానికి వేరే సాక్షి అక్కర్లేకపోయింది. అసలు ఫైలు తీసిన ఫోనులోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపిన కాపీ కుదించుకుపోతుంది, తీసిన సమయం లాంటి వివరాలు అందులో మిగలవు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఏ ఫోనుతో తీశారో అందులో రాయాలి. కేసు తేలేదాకా ఆ ఫోను అమ్మకండి, మార్చకండి.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని జరిగింది జరిగినట్టు రాయండి. ఎన్ని గంటలకి, ఎవరెవరు వచ్చారు, ఎవరేమన్నారు. మాటలు వాళ్లన్నవి అన్నట్టే ఉండాలి. "చాలా అవమానంగా మాట్లాడారు" అని రాస్తే దానికి విలువ లేదు. "అమ్మవారిని చేపలమ్మే మనిషిలా చూపిస్తారా అన్నారు" అని రాస్తే ఉంది. వాళ్లు ఏ కారణంతో చేశారో వాళ్ల నోటితోనే అందులో ఉంటుంది.

మూడోది ఉత్తరం. ఆ రోజు నేను టైపు చేసింది ఇంతే:

"అయ్యా, ఫలానా తేదీన ఫలానా చోట నేను గీసిన గోడచిత్రాన్ని మీ కార్యాలయం నుంచి వచ్చామని చెప్పిన వ్యక్తులు చెరిపించారు. ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద, ఏ అధికారి ఉత్తర్వు మీద, ఏ కారణంతో ఆ పని జరిగిందో, ఉత్తర్వు నకలుతో సహా తెలియజేయగలరు."

దీంట్లో ప్రాధేయపడే మాటలు అక్కర్లేదు, తిట్లు అసలే వద్దు. ఏ ఆఫీసో తెలియకపోతే అవకాశం ఉన్న ప్రతి ఆఫీసుకీ ఒక కాపీ పంపండి. మేము మూడు చోట్లకి పంపాం. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపి, రసీదు ఉత్తరం కాపీకి పిన్ను కొట్టండి. నాటకం విషయమైతే హాలు మేనేజరుకి కూడా అదే రోజు మెయిల్ పెట్టండి: "మీరు పొద్దున్న ఫోనులో షో వద్దన్నారు, ఎవరి ఆదేశం మీదో రాతపూర్వకంగా తెలపండి." ఆయన జవాబివ్వకపోయినా ఆ మెయిల్‌కి తేదీ ఉంటుంది కదా.

వారం చూసి సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. ఫీజు పది రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. మాకు రెండు ఆఫీసుల నుంచి "అటువంటి ఉత్తర్వు ఏదీ జారీ కాలేదు" అని వచ్చింది. అది చూసి ఆ అమ్మాయి ఏడ్చింది, ఇక దారి మూసుకుపోయిందనుకుంది. నాకు మాత్రం ఊపిరి వచ్చింది. చట్టం లేకుండా చేశారని ప్రభుత్వమే సంతకం పెట్టి ఇచ్చినట్టయింది.

మూడు ప్రశ్నలు

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికని ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించింది. మన దేశం 1979 ఏప్రిల్ 10న అందులో చేరింది. దాని 19వ అధికరణలో భావప్రకటన స్వేచ్ఛ గురించి చెబుతూ, మాటతో, రాతతో, అచ్చుతో పాటు "కళారూపంలో" అని విడిగా రాశారు. బొమ్మని రక్షణలో చేర్చమని మనం బతిమాలక్కర్లేదు, అది ముందే ఉంది. అదే అధికరణ మూడో భాగం ఆ స్వేచ్ఛకి హద్దు ఎప్పుడు పెట్టొచ్చో చెబుతుంది. నేను దాన్ని మూడు ప్రశ్నలుగా గుర్తుపెట్టుకున్నాను. అది ఏ చట్టంలో ఉంది? దేనికోసం, అంటే ఇతరుల హక్కులు, పరువు, దేశభద్రత, శాంతిభద్రతలు, ప్రజారోగ్యం, నైతికత, వీటిలో దేనికోసం? ఆ పని సాధించడానికి ఇంతకన్నా చిన్న దారి లేదా?

మూడో ప్రశ్నే అసలైనది. దాన్ని మా నాన్న వాయించిన నాటకంతోనే చెబుతాను.

2022 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం చింతామణి నాటక ప్రదర్శనని నిషేధించింది. కాళ్ళకూరి నారాయణరావు గారు సుమారు వందేళ్ల కిందట వేశ్యావ్యసనం ఇళ్లని ఎలా ముంచుతుందో చెప్పడానికి రాసిన నాటకం అది. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలంగా చెబుతూ వచ్చాయి. ఆ బాధ అబద్ధం కాదు. రాత్రి రెండు దాటాక జనం కునికిపాట్లు పడుతుంటే, వాళ్లని లేపడానికి సుబ్బిశెట్టి చేత కవి రాయని మాటలు పలికించేవారని మా నాన్నే చెప్పేవారు. "ఆ మాటలొస్తే నేను పెట్టె మీద నుంచి చెయ్యి తీసేసేవాణ్ణి" అనేవారు. తన ముందు కూర్చున్న ఊరి కోమటి మొహం చూడలేక.

ఇప్పుడు ప్రశ్నలు వేసి చూడండి. ఇతరుల పరువు కాపాడటం సరైన కారణమే, రెండో ప్రశ్నకి జవాబుంది. మూడోదానికి? కవి రాసిన పాఠమే ఆడాలి, కలిపిన బూతులు తీసేయాలి అనొచ్చు. పోస్టరు మీద ముందే చెప్పమనొచ్చు. పరువు పోయిందన్నవాళ్లు ఆ సమాజం మీద దావా వేయొచ్చు. ఇన్ని చిన్న దారులు ఉండగా నాటకం మొత్తాన్ని, అన్ని ఊళ్లలో, అన్ని సమాజాలకీ ఆపేయడం ఈ కొలతకి నిలవదని నా నమ్మకం. బాధపడ్డవాళ్లని కొట్టిపారెయ్యకుండానే నిషేధాన్ని ప్రశ్నించవచ్చని ఆ నాటకం మీదే నేను నేర్చుకున్నాను.

"మా సంస్కృతి ఒప్పుకోదు" అంటే

ఎక్కడికెళ్లినా వినబడే మాట ఇది. దానికి "సంస్కృతి ఏంటండీ" అని విసుక్కుంటే అక్కడే ఓడిపోతాం. అంతర్జాతీయ చట్టం కూడా సంస్కృతికి విలువ ఇస్తుంది. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 15వ అధికరణ ప్రతి మనిషికీ సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు ఉందంటుంది. సృజనకి అత్యవసరమైన స్వేచ్ఛని ప్రభుత్వాలు గౌరవించాలని కూడా అదే అధికరణ చెబుతుంది. ఆ రెండూ ఒకే చోట ఉన్నాయి. యునెస్కో 2001లో చేసిన సాంస్కృతిక వైవిధ్య ప్రకటన 4వ అధికరణ ఇంకా సూటిగా ఉంటుంది: సాంస్కృతిక వైవిధ్యాన్ని సాకుగా చూపి ఎవరూ మానవ హక్కులని దెబ్బతీయకూడదు, వాటి పరిధిని తగ్గించకూడదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలు చూసే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2011లో తన 34వ సాధారణ వ్యాఖ్యలో నైతికత గురించి ఒక మాట చెప్పింది. నైతికత అనేది అనేక సామాజిక, తాత్విక, మత సంప్రదాయాల నుంచి వస్తుంది, కాబట్టి దాని పేరుతో పెట్టే ఆంక్ష ఒక్క సంప్రదాయం మీదే ఆధారపడి ఉండకూడదు అని.

మా గోడ విషయంలో ఈ మాట ఎలా పనికొచ్చిందో చూడండి. అమ్మవారు ఎలా ఉండాలో చెప్పింది నలుగురు పెద్దమనుషులు. వాళ్లలో ఎవరూ గంప మోసినవాళ్లు కాదు. ఆ సాయంత్రమే మేము పేటకి వెళ్లాం. బొమ్మకి కూర్చున్న ముగ్గురిలో పెద్దావిడ వల బాగుచేసుకుంటూనే మాట్లాడింది. చెయ్యి ఆగలేదు, దారం పంటితో కొరికి ముడేస్తూ అంది: "మా అమ్మోరు మాలాగుంటే తప్పేటి? మరి ఎవుళ్లాగుంటాది?"

ఆ మాటని ఉన్నదున్నట్టు, ఆవిడ యాసలోనే టైపు చేశాను. కింద ఆవిడ వేలిముద్ర, మిగతా ఇద్దరి సంతకాలు. మీ పని ఒక వర్గం గురించో, వాళ్ల దేవత గురించో అయితే ఈ కాగితం తప్పకుండా తీసుకోండి, అదీ వీలైతే పని మొదలుపెట్టే ముందే. వాళ్లు అడిగిన మార్పు సబబుగా ఉంటే చేయండి. పెద్దావిడ ఒకటే అడిగింది, కాలికి మెట్టెలు వేయమని. ఆ అమ్మాయి వేసింది. బయటివాళ్లం వెళ్లి ఇంకొకళ్ల అమ్మవారిని గీసేటప్పుడు అడగడం మర్యాద. ఆ మర్యాదే తర్వాత సాక్ష్యమూ అవుతుంది.

మన కోర్టులో ఇవి చెల్లుతాయా

చెల్లుతాయి, ఎలా వాడాలో తెలిస్తే. రాజ్యాంగం 51వ అధికరణ అంతర్జాతీయ ఒడంబడికలని గౌరవించమంటుంది. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు, మన చట్టంలో ఖాళీ ఉన్నచోట, మన చట్టానికి విరుద్ధం కానంతవరకు, అంతర్జాతీయ ఒడంబడికలని ప్రాథమిక హక్కుల్లో కలిపి చదవొచ్చని తేల్చింది. ఆ విశాఖ మన ఊరు కాదు, రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ. పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన తీర్పు అది. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం నిర్వచనంలో కూడా ఈ రెండు ఒడంబడికల పేరు ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేసేటప్పుడు ఆ నిర్వచనాన్ని రాయండి. సంఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు వెళ్లాలి.

అయితే పిటిషన్‌లో జెనీవాని, అంటే ఐక్యరాజ్యసమితి ఒడంబడికలని, ముందు పెట్టకండి. ముందు భావప్రకటన స్వేచ్ఛనిచ్చే మన రాజ్యాంగం 19(1)(ఎ), తర్వాత మన తీర్పులు, వాటి వెనక ఒడంబడిక. ఏ తీర్పు ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. గొడవ చేస్తామని ఎవరో బెదిరించారని ప్రదర్శన ఆపితే 1989 నాటి రంగరాజన్ కేసు చూపించండి. బెదిరింపుకి లొంగి స్వేచ్ఛని అణచడం చట్టబద్ధ పాలనని వదులుకోవడమేనని, కాపాడటం ప్రభుత్వం పనని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. "పైనుంచి చెప్పారు" అని నోటిమాటతో ఆపితే 2019 నాటి ఇండిబిలీ క్రియేటివ్ కేసు. పశ్చిమ బెంగాల్‌లో ఒక సినిమాని ఉత్తర్వు లేకుండా హాళ్ల నుంచి దింపేశారు. నిర్మాతలకి 20 లక్షల పరిహారం ఇవ్వమని సుప్రీంకోర్టు ఆదేశించింది. మా హాలు ఫోన్ చేసిన నాటికి ఈ తీర్పు లేదు. మీకు ఉంది, వాడుకోండి.

బొమ్మలు, శిల్పాల వాళ్లకి ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్. అమ్మేసిన కళాకృతి మీద కూడా కళాకారుడికి కొన్ని హక్కులు మిగిలే ఉంటాయి. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒడంబడిక నుంచి వచ్చిన ఆలోచన ఇది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది తన కంచు శిల్పాన్ని 1979లో పీకేసి గోదాములో పడేశారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకి వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగి ఇవ్వమని, 5 లక్షలు పరిహారం చెల్లించమని తీర్పు చెప్పింది.

మీ మీదే పోలీసు కేసు పెడితే కంగారు పడి క్షమాపణ పత్రం మీద సంతకం చేయకండి. ఎక్కువగా పెట్టేది భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 295-ఎ. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలని గాయపరిస్తేనే అది నేరం, ఎవరికో నొప్పి కలిగితే సరిపోదు. ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు ఆ కేసుని విచారణకి తీసుకోకూడదు. ఒక కవిత మీద పెట్టిన ఎఫ్ఐఆర్‌ని 2025 మార్చిలో కొట్టేస్తూ సుప్రీంకోర్టు, ఇలాంటి మాటల, రాతల కేసుల్లో పోలీసులు ముందు ప్రాథమిక విచారణ చేసుకోవడం మంచిదని చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకి కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 14 రోజుల గడువుతో ఆ వీలు ఇచ్చింది. నేను ప్లీడర్ని కాను. ఈ దశలో ప్లీడరు ఉండాల్సిందే. డబ్బు లేకపోతే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడర్ని ఇస్తారు.

ఎక్కడ ఆగాలి

అన్నీ టైపు చేయను. ఒకసారి ఒక కుర్రాడు తన పాటని ఆపేశారని వచ్చాడు. పాట వినిపించమన్నాను. ఒక కులం వాళ్ల వీధి పేరు చెప్పి, అక్కడికెళ్లి తరమమంటోంది పాట. నేను రాయనని చెప్పాను. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 20వ అధికరణ జాతి, మత విద్వేషంతో హింసకి, వివక్షకి రెచ్చగొట్టడాన్ని చట్టంతో నిషేధించమంటుంది. ఏది రెచ్చగొట్టడం, ఏది కాదు అని తేల్చడానికి 2012లో ఐక్యరాజ్యసమితి రబాత్ కార్యాచరణ ప్రణాళికలో ఆరు విషయాలు చూడమన్నారు: అప్పటి పరిస్థితి, అన్నది ఎవరు, ఉద్దేశం ఏంటి, ఏ రూపంలో ఏమన్నారు, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత. మీ పనిని మీరే ఈ ఆరింటితో నిజాయితీగా చూసుకోండి. అమ్మోరి కళ్ల బొమ్మ ఎవర్నీ ఎవరి మీదకీ ఉసిగొల్పలేదు.

జెనీవాకి రాయడం

మానవ హక్కుల కమిటీకి వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేయాలంటే వాళ్ల దేశం ఒడంబడికకి అనుబంధమైన మొదటి ప్రోటోకాల్‌లో చేరి ఉండాలి. దక్షిణ కొరియా చేరింది. అక్కడి చిత్రకారుడు షిన్ హక్-చుల్ వేసిన వరినాట్ల బొమ్మని శత్రువుకి మేలు చేసేదిగా తేల్చి శిక్ష వేశారు, బొమ్మని జప్తు చేశారు. ఆ బొమ్మ వల్ల దేశభద్రతకి కలిగే ముప్పేంటో ప్రభుత్వం విడిగా చూపించలేకపోయిందని కమిటీ 2004లో ఆయన పక్షాన నిలిచింది. మూడు ప్రశ్నల బలం అది. మన దేశం ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు కాబట్టి ఆ తలుపు మనకి లేదు.

మనకున్న తలుపు సాంస్కృతిక హక్కుల స్పెషల్ రాపోర్టర్, అంటే ఆ హక్కుల సంగతి చూడటానికి ఐక్యరాజ్యసమితి నియమించే స్వతంత్ర నిపుణులు. ఈ బాధ్యతని 2009లో ఏర్పాటు చేశారు. మొదట ఫరీదా షహీద్ నిర్వహించారు, 2013లో కళాస్వేచ్ఛ మీదే ఆమె ఒక పూర్తి నివేదిక ఇచ్చారు. 2021లో అలెగ్జాండ్రా గ్జాంథాకి ఆ బాధ్యత తీసుకున్నారు. ఇక్కడ కోర్టులన్నీ తిరిగి రావాలన్న నియమం లేదు. మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ ఫారం ఉంటుంది. ఎవరికి జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు, ఏం చేశారు అన్నవి ఇంగ్లీషులో వరసగా రాయాలి. పేపర్ కటింగ్ ఒక్కటే పెడితే తీసుకోరు. రాజకీయ తిట్లు ఉంటే పక్కన పెడతారు. బాధితుల సమ్మతి కావాలి. వాళ్ల పేరు ప్రభుత్వానికి వెళ్తుందని ముందే చెప్పి అడగండి, ఇది చాలా ముఖ్యం. అర్జీ నచ్చితే వాళ్లు మన ప్రభుత్వానికి లేఖ రాస్తారు. మామూలుగా 60 రోజుల తర్వాత ఆ లేఖ, వచ్చిన జవాబు బయటపెడతారు. ఆ లేఖకి ఆర్డరు శక్తి ఉండదు. కానీ "అటువంటిదేమీ జరగలేదు" అన్న మాట కూడా రికార్డులోకి ఎక్కుతుంది, తర్వాత కోర్టులో దాన్ని చూపించుకోవచ్చు.

యునెస్కోకి కూడా వ్యక్తులు రాయొచ్చు. 1978 నుంచి అక్కడ ఒక గోప్యమైన ఫిర్యాదు పద్ధతి ఉంది. ఇక్కడ ఏం ప్రయత్నం చేశారో వాళ్లు అడుగుతారు, కాబట్టి మొదటి రోజు దాచిన రసీదులన్నీ ఇక్కడ పనికొస్తాయి. ప్రాణానికే ముప్పు ఉంటే వేరే దారి. కళాస్వేచ్ఛ కోసం పనిచేసే కోపెన్‌హేగన్‌లోని ఫ్రీమ్యూజ్, బెదిరింపులకి గురైన రచయితలకి, కళాకారులకి ఊళ్లలో ఆశ్రయం చూపించే ఐకార్న్ లాంటి సంస్థలకి వెంటనే రాయండి.

వేరే దేశం వెళ్లేటప్పుడు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దీని మీదే నా దగ్గరకి ఎక్కువమంది వస్తారు. ఎంవీపీ కాలనీ నుంచి ఒక డాన్స్ టీచరు గారు జర్మనీలో ప్రోగ్రాముకి వెళ్తూ, తెర మీద మన స్వస్తిక గుర్తు ఉంటే ఇబ్బందా అని అడిగారు. అక్కడి శిక్షాస్మృతి 86-ఎ సెక్షన్ నాజీ గుర్తులని బహిరంగంగా చూపడాన్ని నేరం చేసింది. కళకి, చరిత్ర బోధనకి మినహాయింపు ఉంది. మన గడప మీది గుర్తు నాజీ గుర్తు కాదు. అయినా ఆ గుర్తు చూస్తే ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ల మనవలకి గుండె ఆగినంత పనవుతుంది. తెర తియ్యొద్దన్నాను, ప్రోగ్రాం కాగితం మొదటి పేజీలో ఆ గుర్తు మన ఇళ్లలో ఎక్కడ వేస్తారో, ఎందుకు వేస్తారో నాలుగు వాక్యాలు జర్మన్‌లో వేయించమన్నాను. నిర్వాహకులకి ఫోటో ముందే పంపించమన్నాను. టీచరు గారు అలాగే చేశారు.

సౌదీ అరేబియా, యూఏఈ, సింగపూర్, మలేషియా ఈ పౌర హక్కుల ఒడంబడికలో చేరలేదు. అక్కడ మన తెలుగు సంఘాల ప్రోగ్రాములు బోలెడు జరుగుతుంటాయి. ఇక్కడ మనకి మామూలైన రాజకీయ జోకు, దేవుడి పాత్ర మీద హాస్యం అక్కడ కేసు కావచ్చు. స్క్రిప్టు ముందే నిర్వాహకులకి ఇచ్చి, లైసెన్సు వాళ్ల పేరు మీద తీసుకున్నట్టు కాగితం చేతిలో పడ్డాకే టికెట్లు బుక్ చేసుకోండి.

గోడ ఏమైందంటే

సమాచార హక్కు జవాబులు, ముగ్గురు ఆడవాళ్ల వాంగ్మూలం, ఎడమ కన్ను ఫోటో పెట్టి లాయరు నోటీసు పంపించాం. కోర్టుకి వెళ్లాల్సిన పని పడలేదు. ఆ నలుగురిలో ఒకాయన వచ్చి, గోడ మీద మళ్లీ వేసుకుంటే తమకి అభ్యంతరం లేదన్నాడు. "ఆ మాట రాసివ్వండి బాబూ" అన్నాను. ఇచ్చాడు, నా షాపులోనే, నా పెన్నుతో.

ఈసారి రంగు డబ్బా తెరవకముందే షెడ్డు యజమానితో అగ్రిమెంటు టైపు చేశాను. మీరూ చేసుకోండి, ఒక పేజీ చాలు. గోడ కొలతలు, ఏ బొమ్మ వేస్తారో చిన్న స్కెచ్, ఎన్నేళ్లు ఉంచుతారు, కాపీరైట్ ఎవరిది. తీసేయాల్సి వస్తే 30 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని, మూడో మనిషి ఎవరైనా చెరపమంటే ఉత్తర్వు చూపించమని యజమాని అడిగి, చూపిస్తేనే గోడ దగ్గరకి రానివ్వాలని రాశాం. యజమాని చదివి, "ఇన్నాళ్లూ ఈ ముక్క నాకెవరూ చెప్పలేదమ్మా" అని సంతకం పెట్టాడు. పెద్దావిడ మళ్లీ వచ్చి కూర్చుంది. మెట్టెలు ఈసారి రెండు కాళ్లకీ వేసింది ఆ అమ్మాయి.